నీళ్లు మార్చిన రెండో రోజుకే గప్పీ చేపలు చనిపోతున్నాయా? సమాధానం

ప్రతి ఆదివారం చేపల తొట్టి నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద తోమి పెడుతున్నానన్నారు. మీ గప్పీల ప్రాణం తీస్తున్నది ఆ అతి శుభ్రమేనండి. చేపలు వదిలే అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో, ఆ రాళ్ల మీదే బతుకుతుంది. కుళాయి నీటి క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ఇక అమ్మోనియా పేరుకుంటుంది, మొప్పలు ఎర్రబడతాయి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇవే.

ఇకమీదట మీ 40 లీటర్ల తొట్టిలో వారానికి 10 లీటర్లే మార్చండి. విజయనగరం మున్సిపాలిటీ నీళ్లయితే వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. వానాకాలంలో బ్లీచింగ్ వాసన ఘాటుగా ఉంటే యాంటీక్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కకే వేయండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండండి, చాలు. మేత రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే. మీరు తొట్టిలో వేస్తున్నానన్న ఆ నీలం మందు ఆపేయండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక మీరడిగిన వాలిస్నేరియా అనే నీటి మొక్క సంగతి. దాని పాత ఆకులు కొత్త నీటిలో కరగడం మామూలే. కానీ వేరూ ఆకులూ కలిసే తెల్లటి మొదలు రాళ్లలో కూరుకుపోతే మొక్క మొత్తం కుళ్లుతుంది. అది పైకి కనిపించేలా కాస్త లాగి, మెత్తబడ్డ ఆకులు కత్తిరించండి. లైటు 7 గంటలు సరిపోతుంది.

చెరువు నాచు మాత్రం తెచ్చి వేయకండి. దాంతో తూనీగ పిల్లపురుగులు వస్తే గప్పీ పిల్లల్ని ఒక్కటీ మిగల్చవు. కొత్త చేపలు నెల దాటాకే.