కథ తెలిసినా కళ్లు తిప్పుకోనివ్వని భయం

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, ముసుగు వేసుకున్న హంతకుడు ఒక్కొక్కరినే కత్తితో పొడిచి చంపే ఇంగ్లీషు సినిమాలను స్నేహితులతో కలిసి చూసిందే మళ్లీ చూస్తున్నాడు. వాటిలో అంత ఆకర్షణ ఏముంది? వాడి మనసు మొద్దుబారిపోతుందేమోనని దిగులుగా ఉంది.
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మీ దిగులు సహజమే అమ్మా. అయితే 'స్లాషర్' అనే ఈ తరహా సినిమాలను ప్రాణప్రదంగా చూసుకునేవారు చావు కోసం కాక, చావుకు ముందు సాగే ఉత్కంఠ కోసమే చూస్తారని నా గట్టి నమ్మకం. మన పల్లెల్లో చిందు భాగోతం ఆడితే కథ తెలియనివారు ఉండరు. అయినా ఒక్కో ఘట్టాన్ని ఎలా రక్తి కట్టిస్తారో చూడడానికే తెల్లవార్లూ కూర్చుంటారు. వీళ్లదీ అదే రుచి.

1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' చూడండి. హంతకుడి ముసుగు దుకాణంలో కొన్నదే, 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష కథల ధారావాహికలోని కెప్టెన్ కిర్క్ పాత్ర ముఖంతో చేసిన ముసుగు. కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి తెల్లరంగు పూసేసరికి అది ఏ భావమూ పలకని ముఖమైంది. సినిమాలో నెత్తురు చాలా తక్కువ. స్నేహితుల శవాలను చూసిన లారీ అనే అమ్మాయి చీకటి గది గుమ్మం దగ్గర వెక్కివెక్కి ఏడుస్తుండగా, ఆమె వెనుక చీకట్లోంచి ఆ తెల్లముఖం మెల్లమెల్లగా తేలుతుంది. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ ఒక దీపం వెలుతురును కొద్దికొద్దిగా పెంచి దీన్ని సాధించాడు. ఎన్నిసార్లు చూసినా, ఆ ముఖం ఎప్పుడు కనబడుతుందోనని కళ్లు ఆ చీకటినే వెతుకుతాయి. దర్శకుడే కూర్చిన పియానో బాణీ మన ఖండగతిలా అయిదు లెక్కల మీద నడుస్తూ మనసును కుదురుగా ఉండనివ్వదు.

మీరు భయపడుతున్న విషయానికి వస్తే, ఈ కథల్లో చివరిదాకా నిలిచి హంతకుణ్ని ఎదిరించేది తరచుగా ఒక ఆడపిల్లే. ఆమెకు 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టిన అమెరికా పండితురాలు కరోల్ క్లోవర్, మగ ప్రేక్షకులు సైతం చివరకు ఆమె పక్షానే నిలిచి, ఆమె భయాన్ని తమదిగా అనుభవిస్తారని వాదించారు. నేను ఎరిగిన అభిమానుల మాటల్లోనూ హంతకుడి మీద మోజు కన్నా ఆ పిల్ల తప్పించుకోవాలన్న ఆరాటమే ఎక్కువ.

అన్నీ ఇలాంటివే అని చెప్పను. 1980 తర్వాత పుట్టుకొచ్చిన అనుకరణల్లో ఆడవాళ్ల శరీరాన్నీ, తెగిన అవయవాలనూ చూపి డబ్బు చేసుకున్నవి చాలా ఉన్నాయి. అవి నాకు గిట్టవు. మీ అబ్బాయి వేటిని ఇష్టపడుతున్నాడో తెలుసుకోవాలంటే, ఒకసారి పక్కన కూర్చుని చూడండి, ఏ ఘట్టం ఎందుకు నచ్చిందో వాడినే అడగండి. ఇవి పెద్దలకు మాత్రమే తగిన సినిమాలు కనుక, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు నిద్రపోయాకే పెట్టుకోండి.