వారసుడి పేరు అడిగినప్పుడు

అమ్మాయ్,

నీ కథ చదివాను. తల్లీతండ్రీ లేని పాలేరు కుర్రాడు బర్మా యుద్ధానికి వెళ్ళడమన్నది గట్టి సంగతి. అయితే వాడికెవరూ లేరని మాకు చెప్పడానికి నాలుగుచోట్ల ఏడిపించావు. పట్టాళంలో ఆ లేమి కన్నీళ్ళకంటే ముందు కాయితాల్లో బయటపడుతుంది. కథ అక్కడ పట్టుకో.

ముందు తండ్రి చావు. "ఏదో జ్వరమొచ్చి" అని దాటేశావు. కాకినాడలో ఓడెక్కి రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళు మన గోదావరి ఊళ్ళ నిండా ఉండేవాళ్ళు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. రేవు కూలీలు చాలామంది పోయారు. తండ్రిని అక్కడ పోనివ్వు. ఆ కబురు టెలిగ్రాంలో రాదు. అరకాన్ కొండలు నడిచి దాటి, దారిలో కలరా తప్పించుకుని ఊరు చేరిన ఎవడో కూలీ చెప్పాలి. అంటే వేసవి వచ్చేస్తుంది. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదే బాంబులు పడ్డాయి. మాసూళ్ళు అయిపోయి, కాలవలు కట్టేసి, కూలి దొరకని రోజులవి. ధాన్యం కొలిచిచ్చే పాలేరుతనం ఒకవైపు. తిండీ బట్టా పెట్టి నెలనెలా రొక్కం చేతికిచ్చే కొలువు మరోవైపు. యుద్ధం మొదలైనప్పుడు సిపాయి జీతం 16 రూపాయలు. వాడు చేరడానికి ఇది చాలు, నువ్వు రాసిన ఉపన్యాసం తీసెయ్యి. కామందు దగ్గర వాడికున్న బాకీ మాత్రం మరిచిపోకు.

వాణ్ణి కోటిపల్లిలో రైలెక్కించావు. కాకినాడ–కోటిపల్లి పట్టాలు 1940లో యుద్ధం కోసమే పీకేశారు. కాబట్టి ముక్తేశ్వరం రేవులో పడవెక్కి గౌతమి దాటాక కాకినాడ దాకా నడిపించు. కోనసీమ జిల్లా అనీ రాయకు, అది 2022లో వచ్చింది. అప్పటికి తూర్పు గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా.

ఇక అసలు సంగతి. చేర్చుకునేటప్పుడు తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, వారసుడి పేరు రాసుకుంటారు. వయసు చెప్పే తల్లి లేదు గనక చూపుకి అంచనా కట్టేస్తారు. తండ్రిని ఊళ్ళో అందరూ ముద్దుపేరుతోనే పిలిచారనుకో, కాయితంలోనూ అదే పడుతుంది. ఇక కొలువున్నంతకాలం వాడు ఆ పేరుగల తండ్రికే కొడుకు. వారసుడి గడి దగ్గర గుమాస్తా కలం ఆపి చూస్తాడు. ఆ ఒక్క నిమిషానికి రెండు పేజీలు పెట్టు. వాడేం చెబుతాడో ముందు నువ్వు తేల్చుకోవాలి, కథంతా దానిమీదే నడుస్తుంది. మిగతా సిపాయిలు జీతంలో కొంత ఇంటికి రాయిస్తారు. వీడు దూరపు పెద్దమ్మ పేరు చెబితే, డబ్బు అందిన రోజు నుంచీ ఆవిడకి వీడు కొడుకైపోతాడు. కామందు పేరు చెబితే బాకీ తీరిందో లేదో వీడికి తెలిసే దారే ఉండదు. ఎవరి పేరూ చెప్పకపోతే జీతం ఖాతాలో పేరుకుంటుంది. బర్మా బియ్యం ఆగిపోయి ఊళ్ళో ధరలు ఎక్కేకొద్దీ ఆ రూపాయి విలువా పడిపోతుంది.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం కుర్రాడికీ వీడికీ పోలిక పెట్టి చూడు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది. అక్కడివాడికి ఏం మూటకట్టుకోవాలో చెప్పే బాబాయి ఉంటాడు. వీడు బూటు తాడు కట్టడం దగ్గర్నుంచి పట్టాళంలో వాడే రోమన్ అక్షరాల హిందుస్తానీ చదవడం దాకా పరాయివాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

తుపాకీ కాల్పులు తగ్గించు. వాణ్ణి బెంగుళూరులో మద్రాసు సాపర్లలో, అంటే వంతెనలూ దారులూ వేసే పట్టాళంలో, చేర్పించు, పని చూపించు. ఉక్కు పలకలు ఒకదానికొకటి తగిలించి కట్టేది బెయిలీ వంతెన. దాని పలక పొడవు 10 అడుగులు, బరువు సుమారు 260 కిలోలు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు మోస్తారు. ఒకడి కాలు బురదలో జారితే మిగతా అయిదుగురి మీదా భారం పడుతుంది. పలకల చిల్లులు ఎదురుబొదురుగా కుదిరాక మేకు దిగ్గొడతారు. కుదిరాయో లేదో వేలు పెట్టి చూసినవాడి వేలు పోతుంది. 1944 డిసెంబరులో బర్మాలో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల వంతెన వేశారు. వాణ్ణి అక్కడ నిలబెట్టేముందు కట్టిన సాపర్ల కంపెనీలేవో సరిచూసుకో. లేదంటే పేరులేని వాగు చాలు. మలేరియాకి మెపాక్రిన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఒళ్ళు పచ్చబడుతుంది. మగతనం పోతుందని పుకారు గనక అధికారి ఎదుట నిలబడి మింగిస్తాడు.

1945 మే 3న రంగూన్ తిరిగి చేతికొచ్చింది. వాడక్కడికి చేరాడని తండ్రి సమాధి వెతికించకు. రేవు కూలీకి పేరు చెక్కి సమాధి ఎవరు కడతారు? రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద సమాధి దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేర్లున్నాయి. యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో కొందరికి ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు అని ఉంటుంది, కొందరికి ఉత్త పేరే. తూర్పు గోదావరి అని ఉన్నవి వెతికి చదువు, నీ కుర్రాడికి పేరు అక్కడే తడుతుంది. వారసుడి గడి ఘట్టం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.