బగ్గీ వెనక త్రికోణం అమిష్‌లు ఎందుకు వద్దంటారు?

"మతం పేరు చెప్పి అమిష్‌లు రోడ్డు భద్రతా నియమాలు ఎగ్గొడతారట, నిజమేనా?" అని అడిగారు.

అందరూ కాదండి. అమిష్‌లంటే సొంత కార్లు వద్దని గుర్రబ్బగ్గీల్లో తిరుగుతూ, పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు. మేముండేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర. ఇక్కడ చాలామంది అమిష్‌లు గుర్రబ్బగ్గీ వెనక, ఇది నెమ్మదిగా వెళ్ళే బండి అని తెలిపే నారింజ రంగు త్రికోణం పెట్టుకుంటారు, బ్యాటరీ లైట్లు కూడా. ససేమిరా అనేది ముఖ్యంగా స్వార్ట్‌జెంట్రూబర్ అనే మరీ ఛాందస శాఖ. అంత కొట్టొచ్చే రంగు తమ నిరాడంబరతకి తగదంటారు. పైగా దేవుడి మీద ఉంచాల్సిన భరోసా ఓ రేకుముక్క మీద పెట్టినట్టవుతుందట.

ఓ నవంబరు సాయంత్రం కిడ్రాన్ అనే ఊరి వైపు నుంచి వస్తున్నాం. గుట్ట ఎక్కి దిగేసరికి ఎదురుగా నల్లటి ఆకారం, పక్కన చిన్న లాంతరు. మా కారు గంటకి 55 మైళ్ళు, బగ్గీ ఎనిమిదో పదో. అంటే సెకనుకి 20 మీటర్ల చొప్పున దాని మీదకి పోతున్నామన్నమాట. బ్రేకు మీద దాదాపు నిలబడ్డాను. ఇండియా నుంచి వచ్చిన అమ్మ వెనక సీట్లోంచి తాపీగా, "మా నాన్న ఎడ్లబండి కిందా ఇలాగే లాంతరు కట్టేవాడురా" అంది!

మిన్నెసోటాలో ఈ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. చివరికి 1990లో రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అమిష్‌ల పక్షానే నిలిచింది. వెండి రంగు రిఫ్లెక్టర్ టేపు (మన లారీల రేడియం స్టిక్కర్ లాంటిదే), ఎర్ర లాంతరు ఉంటే భద్రతకి సరిపోతుందంది. కెంటకీలో జరిమానా కట్టం అని కొందరు జైలుకే వెళ్ళారు. 2012లో అక్కడి చట్టసభ టేపుకి ఒప్పుకుంది. ఒహాయో మాత్రం 2022లో మినుకుమినుకుమనే పసుపు లైటు తప్పనిసరి చేసింది. ఇక్కడ మళ్ళీ జరిమానా టికెట్లు, కోర్టులు.

నాకైతే టేపు, లాంతరు రాజీ న్యాయమనిపిస్తుంది. కానీ ఆ గుట్ట దిగేటప్పుడు అడిగుంటే పసుపు లైటుకే ఓటేసేవాణ్ణి.

అటు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద గుర్రపు లద్ది తాజాగా కనిపించిందా, వెంటనే స్పీడు తగ్గించండి. బగ్గీ ముందెక్కడో ఉన్నట్టే.