గుల్లల్లో వచ్చే క్యాన్సర్ అంటుకునే జబ్బేనా?

ఒక గుల్లకు, అంటే నీటిలో బతికే రెండు చిప్పల జీవికి, వచ్చిన క్యాన్సర్ పక్క గుల్లకు సోకుతుందా అని అడిగారు. అవును, కొన్ని జాతుల్లో సోకుతుంది. సోకేది వైరస్ కాదు, క్యాన్సర్ కణమే.

క్లామ్, మసెల్ లాంటి రెండు చిప్పల జీవుల్లో రక్తం పని చేసే ద్రవం హీమోలింఫ్. అందులోని కణాలు అదుపు తప్పి పెరిగి ఒళ్లంతా నిండిపోతాయి. మనుషుల్లో వచ్చే లుకీమియాకు (రక్త క్యాన్సర్‌కు) దగ్గరి జబ్బు ఇది. దీనికి వైరస్సో, కాలుష్యమో కారణమని చాలాకాలం అనుమానించారు. ఉత్తర అమెరికా తూర్పు తీరపు క్లామ్‌లపై 2015లో వచ్చిన పరిశోధనతో అసలు సంగతి తేలింది. దూరదూరాన దొరికిన క్లామ్‌లలోని క్యాన్సర్ కణాల జన్యువులు ఒకదానితో ఒకటి సరిపోయాయి, అవి ఉన్న జీవి జన్యువులతో మాత్రం సరిపోలేదు! అంటే ఎప్పుడో ఒక క్లామ్‌లో పుట్టిన కణాలే, అది పోయాక కూడా ఇతర క్లామ్‌లలో బతుకుతున్నాయి. 2016లో ఇంకా ఆశ్చర్యపరిచే ఫలితం వచ్చింది: స్పెయిన్ తీరంలో ఒక జాతి గుల్లల్లోని క్యాన్సర్ వేరే జాతిలో పుట్టినదట.

ఈ జీవులు నీటిని వడగట్టి తింటాయి కాబట్టి, నీటిలో కలిసిన కణాలు అలా లోపలికి చేరతాయని భావిస్తున్నారు. కుక్కల్లో ఇలాంటి క్యాన్సర్ జతకట్టినప్పుడు, ఆస్ట్రేలియాలోని టాస్మేనియన్ డెవిల్స్ అనే జంతువుల్లో కరుచుకున్నప్పుడు వ్యాపిస్తుంది.

జబ్బును గుర్తించడానికి హీమోలింఫ్ చుక్కను మైక్రోస్కోప్ కింద చూస్తారు. మామూలు కణాలు గాజుకు అతుక్కుని పరుచుకుంటాయి. జబ్బు కణాలు పెద్ద కేంద్రకంతో, గుండ్రంగా, అతుక్కోకుండా ఉంటాయి. టెన్షన్ అక్కర్లేదు, ఇది మనుషులకు సోకినట్టు ఆధారాలు లేవు.