చూడటానికి స్పోర్ట్స్ బైక్‌లా ఉండాలి, నడుము నొప్పి రాకూడదు: ఏది చూసుకోవాలి?

రెండూ దొరుకుతాయి, ఎందుకంటే స్పోర్టీ లుక్ ఫెయిరింగ్ (బైక్ ముందు భాగాన్ని, పక్కలను కప్పే ప్యానెళ్లు), ట్యాంక్, టెయిల్ డిజైన్ నుంచి వస్తుంది, మీరు కూర్చునే తీరును నిర్ణయించేది మాత్రం హ్యాండిల్, సీటు, ఫుట్‌పెగ్‌ల (పాదాలు పెట్టుకునే కడ్డీల) మధ్య దూరాలే.

ముందుగా హ్యాండిల్ చూడండి. క్లిప్-ఆన్ బార్లు (ముందు ఫోర్క్ గొట్టాలకు విడివిడిగా బిగించే రెండు పొట్టి హ్యాండిళ్లు) పైనుండే ట్రిపుల్ క్లాంప్ (ఆ గొట్టాలను కలిపి పట్టే పలక) కింద బిగించి ఉంటే (యమహా ఆర్7 అలాంటిదే) ఒంటి బరువు మణికట్ల మీద పడుతుంది, ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు అది బాగా తెలుస్తుంది. అదే కవాసాకీ నింజా 650లో ఫుల్ ఫెయిరింగ్ ఉన్నా బార్లు ఎత్తుగా ఉంటాయి, వీపు కొంచెమే వంగుతుంది. రోజూ తిరగడానికైతే నేను రెండో రకమే తీసుకోమంటాను. ఫెయిరింగ్ అక్కర్లేదంటే స్ట్రీట్ నేకెడ్ బైకులు ఇంకా హాయిగా ఉంటాయి.

ఫుట్‌పెగ్‌లు మరీ వెనక్కి, ఎత్తులో ఉంటే మోకాళ్లు పట్టేస్తాయి, పొడవైనవాళ్లకు మరీనూ.

షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుని తేల్చకండి, కనీసం అరగంట నడిపి, మోకాళ్లతో ట్యాంక్‌ను పట్టుకున్నప్పుడు చేతులు వదులుగా ఉంటున్నాయో లేదో గమనించండి. తర్వాత రైజర్లు (హ్యాండిల్‌ను ఎత్తు చేసే ముక్కలు) వేయించుకోవచ్చులే అనుకుంటే కేబుళ్లు, బ్రేక్ హోస్ పొడవు సరిపోతాయో ముందే కనుక్కోండి.