హీటర్ హోసులు బిగించే ముందు ఒక్క మాట, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు జూమ్ చేసి మరీ చూశాను. 1969 షెవర్లే కమారో, 350 ఘనపు అంగుళాల ఇంజిన్, ఆ రంగు అదిరింది, అందులో మాటే లేదు. కానీ ఇంజిన్ వేడి నీళ్లని హీటర్‌కి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే రబ్బరు గొట్టాలు, అదే ఆ హీటర్ హోసులు, ఇంజిన్ మీదుగా వీణ తీగల్లా లాగి బిగించేశావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. హోస్ కదలడానికి చోటుండాలి, రేపు ఏదైనా విప్పాలంటే చెయ్యి పట్టాలి, అందం సంగతి ఆ తర్వాత.

ఎందుకంటావా, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా డ్రైవర్ వైపు కాస్త పైకి లేస్తుంది. నీ బండికి ఇది కొత్త విషయం కూడా కాదు. ఆ మౌంట్లు తెగి ఇంజిన్ ఏకంగా లేచిపోతోందని 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవర్లే బళ్లని వెనక్కి పిలిచింది, 1967-69 కమారోలు అందులో ఉన్నాయి. మౌంట్లు బాగున్నా సరే ఇంజిన్ ఊగుతుంది, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ ఉంది చూడు, ఆ ఫైర్‌వాల్ దగ్గరున్న హీటర్ కోర్, అంటే వేడి నీళ్లు పారే చిన్న రేడియేటర్, మాత్రం కదలదు. మధ్యలో హోస్ బిగుతుగా ఉంటే ఆ లాగుడంతా పడేది కోర్ పైపు అతుకు మీద. అది పల్చటి లోహం, టంకం వేసి అతికించింది. అక్కడ కారిందంటే కూలెంట్ పక్క సీటు కింద కార్పెట్‌లోకి దిగుతుంది, హీటర్ బాక్స్ మొత్తం ఊడదీయాలి. ఆ పని పగవాడికి కూడా వద్దు.

పాత హోస్ ముక్కలు ఇంకా కోర్‌కి ఉంటే మెలితిప్పి లాగకు, బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచెయ్యి.

కొలతలు నీకు తెలిసే ఉంటాయి, అయినా చెబుతున్నా. ఇంజిన్ పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వేడి నీళ్లు వచ్చేది 5/8 అంగుళం హోస్‌లో, వాటర్ పంపుకి తిరిగి వెళ్లేది ముప్పావు అంగుళం హోస్‌లో. కోర్ దగ్గర పైపులు కూడా ఆ కొలతల్లోనే ఉంటాయి కాబట్టి తారుమారయ్యే భయం లేదు. కంపెనీది కాకుండా బయట కొన్న పంపో కోరో అయితే ఒకసారి కొలిచి చూసుకో, చిన్న హోస్‌ని పెద్ద పైపు మీదికి బలవంతంగా ఎక్కించకు.

ఇప్పుడు అసలు పని. హెడర్లు (పొగ బయటికి పోయే గొట్టాలు), ఆల్టర్నేటర్, బెల్టు, గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ అన్నీ బిగించాకే హోసుల జోలికి వెళ్లు. కొత్తది కొయ్యకముందు పెరట్లో మొక్కలకి నీళ్లు పట్టే పాత పైపు ఒకటి తీసుకో. ఇక్కడ అమెరికాలో అమ్మే మామూలు గార్డెన్ పైపు లోపలి కొలత కూడా 5/8 అంగుళమే. దాన్ని ఇన్‌టేక్ దగ్గర తగిలించి, ఇంజిన్ పై మూత, అదే వాల్వ్ కవర్ మీదుగా కాకుండా చక్రం పైనుండే ఫెండర్ వైపుకి మళ్లించి, అక్కణ్ణుంచి వెనక్కి ఫైర్‌వాల్ దాకా పట్టుకెళ్లి, వంపు ఎక్కడ తిరగాలో చాక్‌పీస్‌తో గీతలు పెట్టుకో. 1969లో ఆల్టర్నేటర్‌ని కుడివైపుకి మార్చారు కదా, నీకు ఇరుకంతా అక్కడే, బెల్టుకీ ఫ్యానుకీ తగలకుండా ఒక చుట్టు వదులుగా ఇవ్వాలి. హెడర్ల నుంచి కనీసం రెండు మూడు అంగుళాలు దూరం ఉండాలి, కుదరకపోతే వేడిని ఆపే తొడుగు వెయ్యి. అయ్యాక వాల్వ్ కవర్ విప్పినట్టు, ప్లగ్గులు తీసినట్టు చెయ్యి పెట్టి చూడు. హోస్ అడ్డం వస్తే దారి మార్చు. ఆ పైపుతో దారి చూసుకోవడం వరకే సుమా, దాన్నే బండిలో ఉంచేస్తే వేడికి మెత్తబడి ఊడి వస్తుంది.

మలుపు మరీ ఇరుకైతే తిన్నటి హోస్ నొక్కుకుపోతుంది, నీళ్లు సరిగా పారవు. స్పేర్ పార్ట్స్ షాపులో వంపు తిరిగిన హోసులు వేలాడదీసి ఉంటాయి, ఏ బండిదైనా పర్వాలేదు, లోపలి కొలత సరిపోతే నీకు కావలసిన వంపు వరకు కోసుకో. హోస్ మీద హీటర్ హోసుల ప్రమాణం గుర్తు ఎస్ఏఈ జే20 ఆర్3 అని ఉందో లేదో చూడు. ఫెండర్ వైపు రబ్బరు పట్టీ ఉన్న పీ-క్లాంపులు వేసి ఆనించు. ఇంజిన్‌కీ ఫెండర్‌కీ మధ్య ముక్క మాత్రం స్వేచ్ఛగా వదిలెయ్యి, అక్కడ జిప్ టై కూడా వద్దు. కొంతమంది హోసులన్నీ ఇన్నర్ ఫెండర్ వెనక దాచేస్తారు, డెట్రాయిట్ దగ్గర పాత బళ్లు ఊరేగే వుడ్‌వర్డ్ క్రూజ్‌లో జనం మెచ్చుకుంటారు కూడా, కానీ కారితే కనపడదు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

క్లాంపులకి పెద్ద కథేం లేదు. పైపు చివరున్న ఉబ్బు దాటాక బిగించు, స్క్రూ తలలన్నీ స్క్రూడ్రైవర్ అందే వైపు తిప్పు. సిలికాన్ హోస్ వేస్తానంటే గాట్లున్న మామూలు క్లాంపు కోసేస్తుంది, లోపల నున్నటి పట్టీ ఉన్నది కొను. ఎక్కించడానికి కాస్త కూలెంట్ తడి చాలు, ఆయిలూ గ్రీసూ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కూలెంట్ పోసేటప్పుడు బండి ముందుభాగం ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తి వేడిలో ఉంచి, రేడియేటర్ మూత తీసి ఉంచే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యి, గాలి బయటికి పోతుంది. ఒకసారి వేడెక్కాక మాత్రం మూత మీద చెయ్యి వెయ్యకు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు క్లాంపులన్నీ మళ్లీ బిగించు, మొదటి వేడికి కొంచెం వదులవుతాయి. ఏడాదికోసారి హోస్ చివర్లు వేళ్లతో నొక్కి చూస్తూ ఉండు. లోపల పగుళ్లు మొదలయ్యేది క్లాంపు పక్కనే, పైకి మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతుంది.

ఇంకోటి, ట్రంకులో ఒక స్క్రూడ్రైవరు, రెండు క్లాంపులు, 5/8 నుంచి ముప్పావుకి కలిపే ఇత్తడి జాయింటు పడేసుకో. దారిలో కోర్ కారితే ఇంజిన్ చల్లారనిచ్చి, రెండు హోసుల్నీ కోర్ నుంచి లాగి ఆ జాయింటుతో కలిపేసి, తగ్గిన నీళ్లు పోసుకుని ఇంటికి వచ్చెయ్యొచ్చు. హీటర్ ఉండదు, కోటు వేసుకో.

ఉంటాను,
మావయ్య