ఇంట్లో చేసుకునే సింథసైజర్‌కి మ్యాచ్డ్ ట్రాన్సిస్టర్ జతలు చవకగా ఎక్కడ దొరుకుతాయి?

మ్యాచ్డ్ జత అంటే ఒకే కరెంటుకి దాదాపు ఒకే బేస్-ఎమిటర్ వోల్టేజీ చూపే రెండు ట్రాన్సిస్టర్లు. వాటిని జతలుగా కొనడం మానేయండి. ఒకే బ్యాచ్ బీసీ547 అనే మామూలు ట్రాన్సిస్టర్లు ఒక వంద కొనుక్కుని ఇంట్లోనే జత కట్టుకోండి. ఒక్కోటి రూపాయో రెండో. మా నెల్లూరులో ఒకప్పుడు రేడియో రిపేరు షాపుల్లో ఇలాంటివి దొరికేవి, ఇప్పుడు అడిగితే మొబైల్ కవర్లు చూపిస్తున్నారు. అందుకే నేను పొద్దున్నే చెన్నై రైలెక్కి అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకుంటాను. ఆన్‌లైన్‌లో సరుకు కంటే కొరియర్ ఖర్చే ఎక్కువ, ఒళ్ళు మండుతుంది. జతగానే తయారై వచ్చే పాత ఎల్ఎం394 చవగ్గా ఇస్తామంటే అసలు నమ్మకండి. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

కొలవడం సులువు. దేని బేస్‌ని దాని కలెక్టర్‌కే కలిపేసి, ఎమిటర్లు గ్రౌండ్‌కిచ్చి, 12 వోల్టుల నుంచి ఒక్కోదానికీ ఒక 100కె రెసిస్టర్ పెట్టండి. మల్టీమీటర్‌ని 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో ఉంచి రెండు బేసుల మధ్య చూస్తే తేడా నేరుగా తెలుస్తుంది. వేళ్ళతో పట్టుకున్నాక కాసేపు ఆగాలి, ఆ వేడికే రీడింగ్ మారిపోతుంది.

కానీ నన్నడిగితే, అందరూ ఈ మ్యాచింగ్ గురించి అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. స్వరం పుట్టించే ఆసిలేటర్‌లో 2 మిల్లీవోల్టుల తేడా ఉన్నా, అది మారకుండా ఉంటే ట్యూనింగ్ నాబ్ తిప్పితే సరిపోతుంది. అసలు శత్రువు వేడి.

కావలిలో మా బాబాయి భజనలకు హార్మోనియం వాయిస్తారు. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం ఆయన హార్మోనియంకి నా సింథ్ శ్రుతి కలిపాను, చక్కగా కుదిరింది. ఉక్కపోత తట్టుకోలేక ఆయన టేబుల్ ఫ్యాన్ వేశారు. గాలి బోర్డు మీదికి కొట్టిందో లేదో, "ఒరే, నీ షడ్జమం దిగిపోతోందిరా!" అన్నారు. అవి నేను కొలిచి ఏరిన జతే, అయితే బోర్డు మీద దూరదూరంగా ఉన్నాయి. రెండింటి వేడిలో ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, వాటి వోల్టేజీల తేడా దాదాపు 2 మిల్లీవోల్టులు మారుతుంది. ఈ సర్క్యూట్‌లో స నుంచి పై స వరకు ఉన్న దూరమంతా 18 మిల్లీవోల్టులే. అంటే ఆ ఒక్క డిగ్రీకే షడ్జమం, స నుంచి శుద్ధ రిషభానికి ఉన్న దూరం కంటే ఎక్కువే జరిగిపోతుంది!

అక్కడే రెండింటినీ ఊడదీసి, చదును ముఖాలు ఎదురెదురుగా పెట్టి ఫెవిక్విక్‌తో అంటించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాను. కాళ్ళ వరస తిరగబడుతుంది, చూసుకుని సోల్డర్ చేయాలి. అదే ఫ్యాన్ ముందు మళ్ళీ పెడితే శ్రుతి నిలబడింది. బాబాయి ఒక కీర్తన మొత్తం దాంతో కలిపి వాయించారు.

బోర్డు మీదే నేరుగా అతికించే చిన్న ఎస్ఎండీ భాగాల సోల్డరింగ్ వస్తే బీసీఎం847 కొనండి. ఒకే ప్యాకేజీలో రెండూ, 2 మిల్లీవోల్టుల లోపు తేడాతో వస్తాయి. ఏ దారిలో వెళ్ళినా, వేడికి స్వరాల మధ్య దూరం కూడా డిగ్రీకి దాదాపు 0.33 శాతం మారుతుంది. దాన్ని సరిచేయడానికి 3300 పీపీఎం టెంప్‌కో రెసిస్టర్, అంటే డిగ్రీకి అంతే 0.33 శాతం విలువ పెరిగే రెసిస్టర్ కావాలి. జతల మీద మిగిలిన డబ్బు దానికి పెట్టి, దాన్నీ ఆ జతకే ఆనించి అంటించండి.